నేను పేరు పెట్టి పిలవని పిల్ల

మురీన్‌ను జ్వరాల ఆస్పత్రికి తీసుకెళ్ళిన పడవ జూన్‌లో వెళ్ళింది, సెప్టెంబరులో తిరిగొచ్చింది. ఆ మధ్య రోజుల్లో నేను చేసిన పనల్లా భయపడటమే. అవతలి ఒడ్డు నుంచి ఏ తెరచాప కనిపించినా, ఆ పడవలో చిన్న పెట్టె ఏదైనా ఉందా అని ముందు అదే చూసేదాన్ని.

మా ఆయన ఫెస్టీ అప్పటికే స్కాట్లాండు వెళ్ళాడు, బంగాళాదుంపలు తవ్వే పనికి. మా దీవిలో మగవాళ్ళు సగం మంది ఏటా అలాగే వెళ్తారు, చలి ముదిరాక నవంబరులో వస్తారు. ఆయన వెళ్ళిన తొమ్మిదో రోజున పిల్లకు ఒళ్ళు కాలిపోయింది. ఏడేళ్ళ పిల్ల. అదొక్కతే మాకు. దానికి ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. అందుకని మురీన్ విషయంలో నేను దేనికీ ధైర్యం చేసేదాన్ని కాదు. బండల మీదికి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. తడి జుట్టుతో గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఎవరైనా దాన్ని చూసి ముద్దుగా ఉందని అని, వెంటనే దేవుడు చల్లగా చూడాలి అనకపోతే, వాళ్ళ వెంట నడిచి ఆ మాట అనిపించుకుని వచ్చేదాన్ని. దాని గౌను అంచులో ఎప్పుడూ ఒక గుర్రపు నాడా మేకు కుట్టి ఉండేది. ఇనుమున్న చోటికి వాళ్ళు రారు.

వాళ్ళంటే మంచివాళ్ళు. మేం అలాగే అంటాం. అసలు పేరు పెట్టం, వింటారని. పడమటి గుట్ట మీద గుండ్రటి మట్టికట్ట, దాని చుట్టూ ముళ్ళచెట్లు ఉన్నాయే, అది వాళ్ళ కోట. ఆ చెట్ల కొమ్మ ఎవరూ విరవరు. వాళ్ళకు మనుషుల పిల్లల మీద ఆశ. నచ్చిన పిల్లను పట్టుకుపోయి, ఆ స్థానంలో తమలో ముసలిదాన్నో రోగిష్టిదాన్నో అదే రూపంతో పెట్టిపోతారు. మారుపిల్ల అంటాం దాన్ని. నా ఇద్దరు పిల్లలూ అలాగే పోయారని మా అత్తగారు చెప్పేది. ఆవిడ చెప్పకపోయినా నేను అనుకునేదాన్నే.

ఆస్పత్రి పడవలో తల్లిని ఎక్కనివ్వరు. పిల్లను దుప్పట్లో చుట్టి ఇచ్చేశాను. అంచులో మేకుందా అని తడిమి చూసి మరీ ఇచ్చాను.

సెప్టెంబరులో దాన్ని తీసుకొచ్చింది మా మరిది కోలమన్. పడవ ఇంకా రేవుకు తగలకముందే కేకలు మొదలుపెట్టాడు.

"వదినా! ఇదిగో నీ గొర్రెపిల్ల! ఊలంతా కత్తిరించేశారు గానీ, కాళ్ళూ తలా లెక్క సరిపోయింది, చూసుకో!"

రేవులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను మోకాళ్ళ లోతు నీళ్ళల్లోకి దిగి దాన్ని ఎత్తుకున్నాను. తల మీద అంగుళం జుట్టు. పోయేటప్పుడు రాగిరంగు ఉంగరాలు, ఇప్పుడు నల్లగా, ముళ్ళలాగా నిలబడి ఉంది. ఒళ్ళంతా ఏదో ఘాటు సబ్బు వాసన. చంకలో కర్రలాగా బిగుసుకుపోయి కూర్చుంది. నా మెడ చుట్టూ చెయ్యి వెయ్యలేదు.

"ఈ గౌను ఎవరిది?" అన్నాను.

"ఆస్పత్రిదే. వచ్చినవాళ్ళ పాత బట్టలన్నీ కాల్చేస్తారంట వదినా, జ్వరం అంటుకుంటదని."

"మరి మేకు?"

"ఏం మేకు?"

మూడు నెలలు నా పిల్ల ఒంటిమీద ఇనుము లేకుండా ఉంది. ఇంటికి నడిచొచ్చేసరికి ఆ ఒక్క విషయమే నా తలలో ఉంది.

మొదటి వారం నేను చూస్తూ ఉన్నాను. మాట్లాడకుండా చూడటమే చేశాను. మురీన్ వాగుడుకాయ. కోడిని కూడా వదిలేది కాదు, దానితో కూడా పోట్లాడేది. ఈ పిల్ల అడిగితే గానీ పలకదు. మురీన్‌కు గంజి సగం గిన్నె మించి దిగేది కాదు. ఈ పిల్ల మొక్కజొన్న గంజి రెండు గిన్నెలు తాగి, దుంపలు తిని, మజ్జిగ తాగి, ఇంకా పొయ్యి వైపే చూస్తుంది. ఒకరోజు పక్క దులుపుతుంటే దిండు కింద ఎండిపోయిన రొట్టె ముక్కలు దొరికాయి, గుడ్డలో కట్టి.

"ఇవెందుకు దాచావు?"

"రేపు లేకపోతే," అంది.

మా ఇంట్లో రేపు లేకపోవడమన్నది ఎప్పుడూ జరగలేదు, దేవుడి దయవల్ల. ఆ మాట నా పిల్ల నోటిది కాదనిపించింది.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది దాని చెయ్యి. మురీన్‌ది ఎడమచేతి వాటం. చెంచా, కర్ర, రాయి, ఏదైనా ఎడమచేత్తోనే. ఫెస్టీ దాన్ని వెక్కిరించి అలాగే పిలిచేవాడు, ఎడమచేతి సుందరి అని. ఈ పిల్ల కుడిచేత్తో తింటోంది. ఎక్కడా తడబాటు లేదు. నీళ్ళల్లో ముఖం చూసుకుంటే కుడి ఎడమ తారుమారవుతాయే, అలా నా పిల్లను ఎవరో తారుమారు చేసి పంపినట్టనిపించింది.

"కుడిచేత్తో ఎప్పటి నుంచి తింటున్నావే?" అన్నాను.

"అక్కడ ఈ చెయ్యి మంచానికి కట్టేశారమ్మా. ఈ చెయ్యి తప్పంట. కుడిచేత్తో తింటేనే పెట్టేవాళ్ళు."

చెప్తూ ఎడమచెయ్యి వెనక్కు పెట్టుకుంది, నేనూ కడతానేమో అన్నట్టు. పిల్ల నిజమే చెప్పింది. ఎడమ మణికట్టు మీద గీత కూడా ఉంది, ఎర్రగా. నేను చూశాను. చూసి కూడా, మంచివాళ్ళు పంపించేటప్పుడు ఇలాంటి జవాబులు నేర్పకుండా పంపుతారా అనుకున్నాను. భయం పట్టుకుంటే బుద్ధి అలాగే పనిచేస్తుంది. ఏది చూపించినా దాన్నే సాక్ష్యంగా తీసుకుంటుంది.

ఫెస్టీకి ఉత్తరం రాయాలి. నాలుగు తరగతులు చదివాను గనుక నేనే రాశాను. పాప వచ్చింది, కులాసా, మేమంతా క్షేమం అని. మడిచి కోలమన్‌కు ఇస్తూ, మొగుడికి అబద్ధం రాశానే అని భయపడ్డాను. నవంబరులో ఆయన గుమ్మంలోకి వచ్చి, నా బిడ్డేదీ అంటే ఎవర్ని చూపించాలి?

ముసలి సైవ్ దగ్గరికి వెళ్ళాను. మా దీవిలో పురుడు పోసేదీ ఆవిడే, ఎవరైనా పోతే శవం పక్కన కూర్చుని శోకాలు పాడేదీ ఆవిడే. ఆవిడ పాడకుండా ఎవరినీ మట్టిలో పెట్టరు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నది, పొగాకు గొట్టం నోట్లోంచి తియ్యకుండానే.

"పాలు విరిగినయ్యా?"

"ఒకసారి విరిగాయి అవ్వా."

"రాత్రిళ్ళు పిల్ల కీచుగా కూసిందా?"

"కూయదు. అసలు ఏడవదు. వచ్చినకాణ్ణించీ ఒక్కసారి ఏడవలేదు."

"పిల్లన్నాక ఏడవకుండా ఎట్టా ఉంటదే? అదీ సంగతి." పొగాకు గొట్టం తీసి పొయ్యిరాతికి కొట్టింది. "గుడ్డుపెంకుల వంట చెయ్యి. అప్పుడు తెలిసిపోద్ది."

మారుపిల్లతో నిజం కక్కించడానికి మావాళ్ళు చేసే పని అది. ఖాళీ గుడ్డుపెంకులు పొయ్యి ముందు వరసగా పెట్టి, వాటిలో నీళ్ళు పోసి, పదిమందికి వంట చేస్తున్నట్టు మరిగించాలి. అది పైకి పిల్లే గానీ లోపల వందల ఏళ్ళ ముసలిది గదా, ఆ వింత చూసి నోరు ఆపుకోలేక, ఇలాంటి వంట నా జన్మలో చూడలేదు అనేస్తుంది. ఆ మాట అందంటే ఇక అనుమానం లేదు.

మర్నాడు పొద్దున పన్నెండు పెంకులు పెట్టాను. రెండు పగిలాయి. పిల్ల వచ్చి పక్కన గొంతుకూర్చుంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కనపట్టంలా? వంట."

"ఎవరికి?"

"ఓట్స్ చేను కోతకు పదిమంది వస్తున్నారు. వాళ్ళకి."

అది పెంకుల వంక చూసింది, నా వంక చూసింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నవ్వింది. పడీపడీ నవ్వింది. పెదవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "గుడ్డుపెంకులోనా! పదిమందికా! ఇట్టాంటి వంట నేనెప్పుడూ చూళ్ళేదమ్మా!" అంది.

అదే మాట. ఏ ఇంట్లో ఏ పిల్లయినా అది చూస్తే అదే అంటుందని ఆ రోజు నాకు తట్టలేదు. నేను నవ్వలేదని చూసి అది కూడా నవ్వడం ఆపేసింది.

సైవ్ ఒకటి రెండు ముక్కల్లో తేల్చేసింది. "ఇంక పేరు పెట్టి పిలవమాకు. పేరిస్తే అది ఇక్కడే పాతుకుపోద్ది. దాని చేత అమ్మా అనిపించుకోమాకు. నువ్వు దాన్ని ఎంత దగ్గరికి తీస్తే నీ బిడ్డ అంత దూరం పోద్ది, అక్కడ లోపల."

"ఎన్నాళ్ళు అవ్వా?"

"పోయేదాకా."

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఇంటికొచ్చి మొదలుపెట్టాను. ఏయ్ అనేదాన్ని. ఇటు రా అనేదాన్ని. అది అమ్మా అన్నప్పుడల్లా, "నేను నీ అమ్మను కాదు, ఇంటామె అను" అన్నాను. మొదటి రోజు తప్పు చేసి నాలుక కరుచుకుంది. రెండో రోజు ఒకసారే తప్పింది. ఆస్పత్రిలో కుడిచెయ్యి నేర్చుకున్నట్టే ఇదీ నేర్చుకుంది. మూడో రోజు నుంచి, "ఇంటామే, కొంచెం నీళ్ళు ఇస్తారా?" అని అడిగేది. ఎక్కడా గొంతు పెంచేది కాదు. పొయ్యి దగ్గర నేను పట్టకారు అడ్డంగా పెట్టి ఉంచితే, దాన్ని దాటి వచ్చేది కాదు. అవతలే చలిలో కూర్చునేది. ఇనుముకు భయపడుతోందని నేననుకున్నాను. అది భయపడింది నాకు.

కోలమన్ ఒకసారి చేపలివ్వడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటి వదినా, పిల్లేమిటి నిన్ను మీరు అంటోంది? ఆస్పత్రిలో దొరసాని మర్యాదలు నేర్పారా?"

"నీకెందుకు? చేపలు పెట్టి పో."

"పోతాలే. ఏమే గొర్రెపిల్లా, నన్నేమని పిలుస్తావు? పడవ దొరగారూ అంటావా?"

పిల్ల నా ముఖం చూసింది, ఏమనాలో నేను చెప్తానేమోనని. కోలమన్ నవ్వు ఆగిపోయింది. పోతూ పోతూ గడప దగ్గర తగ్గిన గొంతుతో, "అన్న వచ్చేదాకా పిచ్చిపిచ్చి పనులు చెయ్యకు వదినా. ఆ ముసలిదాని మాటలు వినమాకు," అన్నాడు. నేను తలుపు వేసేశాను.

అక్టోబరు మధ్యలో సైవ్ ఒక సీసా ఇచ్చింది. ఊదారంగు గంటలు పూసే విషపు మొక్క ఉంటుందే గోడల వెంట, దాని ఆకు రసం. మూడు గుక్కలు తాగిస్తే మారుపిల్లయితే పారిపోతుంది అంది. మన పిల్లయితేనో అని నేను అడిగాను. మన పిల్ల ఇక్కడెక్కడుందే అంది. సీసా మూత తీసి, గిన్నెలో పోశాను కూడా. పిల్ల రెండు చేతులూ చాచింది తీసుకోవడానికి. ఏమిటని అడగలేదు. ఏది ఇచ్చినా తాగేసేదానిలాగా చాచింది. నేను దాన్ని బూడిదలో పారబోశాను. నేను చేయని పని అదొక్కటే. దాన్ని మంచిపనిగా చెప్పుకోవడానికి నాకు హక్కు లేదు, ఎందుకంటే ఆ తర్వాత చేసింది దానికి ఏమీ తీసిపోదు.

"రసం తాగించే గుండె లేకపోతే ఇంకో దారుంది," అంది సైవ్. "నెలాఖరు రోజున వాళ్ళ కోట తలుపులు తెరుచుకుంటయ్యి. దానంతట అదే పోవాలి, నువ్వు తోలకూడదు. మంచిగా అడుగు, మూడుసార్లు. ఇది లోపలికి పోయిందంటే నీ పిల్ల బయటికొస్తది. నీ గుమ్మంలోకే వస్తది. నువ్వు గడప వదలమాకు, తలుపు వెయ్యమాకు, పొయ్యి ఆరనియ్యమాకు. గడప మీద తల్లి లేకపోతే వచ్చింది వచ్చినట్టే తిరిగి పోద్ది."

నెలాఖరుకు ముందు రోజు మధ్యాహ్నం దాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మంచిగానే అడిగాను. చెప్పాగా, అలాగే అడగమంది.

"నువ్వు మురీన్‌వి కావు. మురీన్ గుట్ట మీద కోటలో ఉంది. నువ్విక్కడుంటే అది రాలేదు. నువ్వు మీవాళ్ళ దగ్గరికి వెళ్ళిపో, తల్లీ. నా బిడ్డను పంపించు."

నోటి అలవాటు కొద్దీ తల్లీ అనేశాను. అది ఆ మాటకు తలెత్తింది.

"నేను మురీన్‌ని కాదా?"

"కాదు."

చేతుల వంక చూసుకుంది, ఇటూ అటూ తిప్పి.

"నాకు తెలీదు," అంది. "జ్వరంలో ఏమైందో నాకు గుర్తులేదు. అప్పుడు మార్చారా?"

"అప్పుడే."

"నేను వెళ్తే మురీన్ వచ్చేస్తదా?"

"వచ్చేస్తుంది."

"అదొస్తే మీరు నవ్వుతారా, ఇంటామే?"

"నవ్వుతాను."

"సరే," అంది.

నేను మూడుసార్లు అడగాలి గనుక ఇంకో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ సరే అంది.

మర్నాడు పొద్దున నేను సముద్రపు పాచి ఏరడానికి ఒడ్డుకు వెళ్ళాను. చేనుకు ఎరువు అదే మాకు. వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది. పక్క మడిచి ఉంది. దాచుకున్న రొట్టె ముక్కలన్నీ బల్ల మీద గుడ్డలో పెట్టి ఉన్నాయి. అంత చిన్న గుట్ట అది, అయినా దానికున్న ఆస్తంతా అదే. వచ్చే పిల్లకు ఆకలేస్తుందని పెట్టి వెళ్ళింది.

పిల్ల లేదు.

చెప్పడానికి నోరు రాకపోయినా చెప్పాలి. నాకు సంతోషం వేసింది. మా దీవిలో వంటచెరకుగా వాడే ఎండు మట్టిపెళ్ళలు పొయ్యిలో వేసి పెద్ద మంట చేశాను. మురీన్‌కు కొత్త గౌను కుట్టి ఉంచాను, అంచులో మేకుతో సహా. అది మంట దగ్గర వెచ్చపెట్టాను. తలుపు బార్లా తీసి గడప మీద కూర్చున్నాను. పదకొండు గంటలకు వాన మొదలైంది. పడమటి గాలి, పక్కవాటుగా కొట్టే వాన. నా ఒళ్లో పడుతోంది, నేను కదల్లేదు. గడప వదలకూడదు గదా. పాపం ఆ పిల్ల ఈ వానలో ఎలా వెళ్ళిందో అని ఒకసారి అనుకున్నాను. వెంటనే, అది వాళ్ళ మనిషి, వానేం చేస్తుంది అని సర్దుకున్నాను. ఒంటిగంట అయింది. మూడయింది. గుట్ట మా గడప మీదికి కనిపిస్తుంది, వాన తెరిపిచ్చినప్పుడల్లా. నడిస్తే అరగంట. అరగంట దూరంలో నా బిడ్డ తడుస్తోంది, నేను తలుపు తెరిచి పెట్టుకుని నా బిడ్డ కోసం కూర్చున్నాను.

వెలుతురు తగ్గుతుండగా దారిలో కోలమన్ కనిపించాడు. తప్పిపోయిన గొర్రె కోసం గుట్ట ఎక్కాడట. చేతుల్లో తెరచాప గుడ్డలో చుట్టి ఏదో ఎత్తుకొస్తున్నాడు. అందులోంచి చిన్న పాదం వేలాడుతోంది.

నేను గడప మీద నుంచి లేచి, "వచ్చింది! నా మురీన్ వచ్చింది!" అని అరుస్తూ పరిగెత్తాను. పిచ్చిదాన్నై అతని చేతుల్లోంచి లాక్కున్నాను. ముద్దులు పెట్టాను. ఆ ముళ్ళ జుట్టు, ఆ ఆస్పత్రి గౌను, అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అయినా వచ్చిందనే అనుకున్నాను.

కోలమన్‌కు పళ్ళు కొట్టుకుంటున్నాయి, చలికో కోపానికో. "ఆ కోట మధ్యలో రాయి ముందు కూర్చుని ఉంది వదినా. పిడికిళ్ళు చూడు. తోలు లేదు. రాయిని కొడుతూ కూర్చుంది."

మంట దగ్గర తడి గౌను తీసి కొత్తది తొడిగాను. చేతులు రుద్దాను, కాళ్ళు రుద్దాను. కొంతసేపటికి కళ్ళు తెరిచింది.

"మురీన్! అమ్మనే! వచ్చేశావు గదే బంగారం!"

అది నన్ను పోల్చుకుంది. పోల్చుకుని, తప్పు చేసినదానిలా చూసింది.

"కోప్పడమాకండి ఇంటామే," అంది. "తలుపు తట్టాను. చాలాసేపు తట్టాను. వాళ్ళు తియ్యలేదు. మురీన్‌ని పంపించండి, నేనొచ్చేశానని గట్టిగా చెప్పాను. ఎవరూ పలకలేదు. నన్ను వాళ్ళు కూడా ఎరగరేమో."

ఆ మాట దగ్గర నాకు కట్టు తెగింది. ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది. వాళ్ళ పిల్ల కాదు. ఎవరి పిల్లా కాకుండా చేసి దాన్ని ఆ వానలోకి పంపింది నేను.

మూడు రోజులు బతికింది. గుండెలో గురక పట్టింది. సముద్రం పోటు మీద ఉండి ఫాదర్‌గారి కోసం అవతలికి పడవ వెయ్యలేకపోయారు. కోలమన్ రెండుసార్లు వేసి, రెండుసార్లూ వెనక్కొచ్చాడు. నేను దాన్ని ఒళ్లోంచి దించలేదు. "నువ్వే మురీన్‌వి, నువ్వే నా పిల్లవి, నేను పొరబడ్డాను" అని వెయ్యిసార్లు చెప్పాను. అది వినేది. వినయంగా తల ఊపేది. నేర్పింది నేర్చుకునే పిల్ల గదా, ఒకసారి నేర్చుకున్నాక మళ్ళీ వెనక్కు తిప్పడానికి నా దగ్గర మూడు రోజులు చాలలేదు.

"అమ్మా అను. ఒక్కసారి అను, తల్లీ."

"అది వచ్చాక అంటది," అంది. నన్ను ఓదార్చడానికే అంది. "ఏడవమాకండి. అది వచ్చాక అంటది."

మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

మావాళ్ళు ఆచారం ప్రకారం గడియారం ఆపారు, అద్దానికి గుడ్డ కప్పారు. ఇరుగుపొరుగు వచ్చి గోడల వెంట కూర్చున్నారు. పొగాకు పళ్ళెం తిరిగింది. అందరూ సైవ్ కోసం చూస్తున్నారు. ఆవిడ వచ్చింది గానీ శవం పక్కన కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి నాకు సైగ చేసింది.

"దీనికి పాడకూడదమ్మాయ్. వాళ్ళదాన్ని మనం ఏడిస్తే మన పిల్లకి అరిష్టం."

"ఇది నా పిల్లే అవ్వా."

"పిచ్చిదానా. నీ పిల్లయితే చస్తదా? వాళ్ళు దీన్ని వాడుకుని ఇక్కడ వదిలేశారు. మురీన్ లోపల బంగారంలా ఉంది. దానికి చావు లేదు, జ్వరం లేదు, ఆకలి లేదు. వచ్చే ఏడు మళ్ళీ తలుపులు తెరుస్తారు. ఇట్టా ఏడ్చావంటే దారి మూసుకుపోద్ది."

ప్రేమతోనే చెప్పింది. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. గోడల వెంట కూర్చున్నవాళ్ళు తలలూపారు. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసి, "నిజమే ఊనా, అట్టా అనుకో. నీకూ మేలు," అంది. వాళ్ళందరూ కలిసి నాకొక దారి చూపిస్తున్నారు. ఆ దారిన పోతే నా బిడ్డ బతికే ఉంటుంది. నేనేమీ చెయ్యలేదు. మంచం మీద ఉన్నది మాత్రం ఎవరూ కాదు.

నేను మంచం దగ్గరికి పోయి కూర్చున్నాను. నాకు శోకాలు పాడటం రాదు. పాటలాగా రాలేదు, అరుపులాగా వచ్చింది. మురీన్, ఫెస్టీ కూతురా, నా కూతురా అని మాత్రమే అరిచాను. ఎవరూ గొంతు కలపలేదు. కోలమన్ ఒక్కడే వచ్చి, మంచం అవతల మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ తీశాడు.

పాతిపెట్టిన నాలుగో రోజున ఫెస్టీ వచ్చాడు.

ఉత్తరం అందే వ్యవధి లేదు గనుక, రేవులో పడవ దిగేదాకా ఆయనకు ఏమీ తెలియదు. రేవులో చెప్పారు. ఏం చెప్పారో కూడా నాకు అర్థమైంది, ఆయన దారి మీద పరిగెత్తుకుంటూ రావడం చూసి. బిడ్డ పోయిందని విన్నవాడు అలా పరిగెత్తడు.

"ఊనా!" అన్నాడు గుమ్మంలోనే, రొప్పుతూ. భుజాన సంచీ అలాగే ఉంది. "వాళ్ళు చెప్పేది నిజమేనా? పోయింది మన పిల్ల కాదంటగా? ఆస్పత్రిలోనే మార్చేశారంటగా? సైవ్ అంటోంది, లోపల బతికే ఉందంట, వచ్చే ఏడు..."

ఆయన ముఖం నేనిప్పటికీ మర్చిపోలేను. అంత దూరం నుంచి వచ్చి, అంత చెడ్డ మాట విని, అందులోంచి ఒక్క ఆశ పట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. అవును అంటే చాలు. ఆయనకు కూతురు మిగులుతుంది. నాకు మొగుడు మిగులుతాడు. ఏడాదికొకసారి ఇద్దరం గుట్ట వైపు చూస్తూ గడప మీద కూర్చోవచ్చు. ఎవరూ కాదనరు. దీవి అంతా మాతోపాటు నమ్ముతుంది.

జీవితమంతా జరగని వాటికి భయపడ్డాను. ఆ క్షణంలో మాత్రం, నేను కూడా నా పిల్ల కాదంటే అది మట్టిలో కూడా ఎవరిదీ కాకుండా పోతుందని భయపడ్డాను.

"కాదు ఫెస్టీ," అన్నాను. "పోయింది మన పిల్లే."

"నీకెట్టా తెలుసు? అంతమంది చెప్తుంటే నీకెట్టా తెలుసు?"

"పడవ దిగిన రోజు నుంచీ నన్ను అమ్మా అనే పిలిచింది. నేను మాన్పించాను."

ఆయనకు అర్థం కాలేదు. ఏం మాన్పించావు, ఎందుకు మాన్పించావు అన్నాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు, సంచీ దించలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కట్టేసిన చెయ్యి, గుడ్డుపెంకులు, బూడిదలో పోసిన రసం, మూడుసార్లు అడగడం, మూడుసార్లు సరే అనడం. వాన మొదలైన గంట దగ్గర ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. నేను ఆపలేదు. గడప మీద నేను ఎన్ని గంటలు కూర్చున్నానో, ఆ గంటలన్నీ చెప్పాను.